ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి మనతో పాటు ఎవరిని రానిస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్దానం నుంచి గల్ఫ్‌కి, సింగపూర్‌కి పనికి వెళ్లేవాళ్లు, విజయనగరం నుంచి అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే పెద్దవాళ్లు, సంక్రాంతికి వచ్చిపోయే సాఫ్ట్‌వేర్ పిల్లలు, అందరూ లాంజ్ గురించి అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. "నేను వెళ్లొచ్చా" అని అడిగేవాళ్లు తక్కువ, "నాతో పాటు మా ఆవిడని రానిస్తారా, పిల్లలకి డబ్బులు కట్టాలా" అని అడిగేవాళ్లు ఎక్కువ. గొడవంతా అక్కడే. షరతులు, రేట్లు కంపెనీలు మారుస్తూనే ఉంటాయి కాబట్టి ఇక్కడి అంకెల్ని ప్రయాణానికి వారం ముందు మీ కార్డు యాప్‌లో, ఎయిర్‌లైన్ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

లాంజ్ అంటే ఏటి? టికెట్ కొన్నాక కూర్చోడానికి కుర్చీ ఎలాగూ ఉంటుంది కదా?

ఉంటుంది. గేటు దగ్గర కుర్చీ అందరికీ ఉంటుంది. లాంజ్ అంటే, ఎక్కువ చోట్ల సెక్యూరిటీ చెక్ అయ్యాక లోపల విడిగా ఉండే హాలు. మెత్తటి సోఫాలు, ఇడ్లీ ఉప్మా నుంచి బిర్యానీ దాకా ఏదో ఒక బఫే, కాఫీ, వైఫై, ఫోన్ ఛార్జింగ్, కొన్నిచోట్ల స్నానానికి షవర్ కూడా. దుబాయ్‌లోనో దోహాలోనో ఆరేడు గంటలు ఆగాల్సినవాళ్లకి ఆ షవర్ ఒక్కటి చాలు. వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్లడానికి మాత్రం లాంజ్ దొరక్కపోతే కొంపలేమీ మునగవు.

లోపలికి వెళ్లే హక్కు ఎలా వస్తుంది?

మూడు దారులున్నాయి. ఒకటి మీరు కొన్న సీటు, అంటే బిజినెస్ లేదా ఫస్ట్ క్లాస్ టికెట్. రెండోది స్టేటస్, అంటే ఒకే ఎయిర్‌లైన్‌లో తెగ తిరిగి సంపాదించుకున్న గోల్డ్, ప్లాటినం మెంబర్‌షిప్. మూడోది జేబులో ఉన్న క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు, లేదా బ్యాంకు ఇచ్చిన ప్రయారిటీ పాస్, అంటే చాలా ఎయిర్‌పోర్టుల్లో లాంజ్‌లకి చెల్లే మెంబర్‌షిప్ కార్డు. ఇవేవీ లేకపోతే కౌంటర్‌లో డబ్బులు కట్టి వెళ్లడం.

గెస్ట్ రూల్ లాంజ్‌ని బట్టి కాదు, మీరు ఏ దారిలో వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలామందికి ఎక్కనిది ఇదే. ఒకే లాంజ్, ఒకే కౌంటర్, ముందున్నాయన భార్యని ఊరికే తీసుకెళ్తాడు, వెనకున్నాయన డబ్బులు కడతాడు, మూడో ఆయన్ని మీరొక్కరే రండి అంటారు. ముగ్గురికీ చెప్పింది కరెక్టే. కాబట్టి "ఫలానా లాంజ్‌లో గెస్ట్‌ని రానిస్తారా" అని అడిగితే జవాబు దొరకదు, "ఫలానా కార్డుతో, ఫలానా ఫ్లైట్ ఎక్కుతుంటే రానిస్తారా" అని అడగాలి.

నాది ఆఫీసు వాళ్లు కొన్న బిజినెస్ క్లాస్ టికెట్, మా ఆవిడది అదే ఫ్లైట్‌లో ఎకానమీ. ఇద్దరం వెళ్లొచ్చా?

టికెట్ బలం మీదయితే కుదరదు. బిజినెస్ క్లాస్ టికెట్ హక్కు ఆ టికెట్ మీద పేరున్న మనిషికే. స్టార్ అలయన్స్ అంటే ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా లాంటి ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టుకున్న కూటమి, దాని రూల్స్‌లో ఇది స్పష్టంగా ఉంటుంది: ఇంటర్నేషనల్ ఫస్ట్ క్లాస్ వాళ్లు ఒక గెస్ట్‌ని తీసుకెళ్లొచ్చు, బిజినెస్ వాళ్లకి గెస్ట్ లేదు. పెళ్లికార్డు మీద "సకుటుంబ సపరివార సమేతంగా" అని ఉంటుంది, బోర్డింగ్ పాస్ మీద అలాంటిదేమీ ఉండదు. ఆవిడ దగ్గర లాంజ్ వచ్చే కార్డు ఉంటే అది వాడుకోవచ్చు గానీ, ఆ కార్డు చెల్లే లాంజ్, మీ బిజినెస్ టికెట్ చెల్లే లాంజ్ ఒకటే అయ్యుండాలి. హైదరాబాద్ లాంటి చోట్ల చాలా విదేశీ ఎయిర్‌లైన్స్‌కి సొంత లాంజ్ ఉండదు, కార్డు వాళ్లు వెళ్లే లాంజ్‌కే తమ బిజినెస్ ప్రయాణికుల్నీ పంపిస్తాయి, అక్కడ ఇద్దరూ కలిసి కూర్చోవచ్చు. దోహాలోనో సింగపూర్‌లోనో ఎయిర్‌లైన్ సొంత లాంజ్ అయితే విడిపోవాల్సిందే.

ఎకానమీ టికెట్ కొన్న గోల్డ్ మెంబర్ మాత్రం ఒకర్ని ఊరికే తీసుకెళ్తాడట. ఇదేం న్యాయం?

నిజమే, తీసుకెళ్తాడు. లక్ష రూపాయలు పోసి బిజినెస్ కొన్నవాడు ఒంటరిగా, వెనక సీట్లో కూర్చునేవాడు జంటగా. వినడానికి తిక్కగా ఉంటుంది గానీ కంపెనీ వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. బిజినెస్ టికెట్ కొన్నవాడు ఈ ఒక్కసారికి కస్టమర్, గోల్డ్ మెంబర్ ఏడాదంతా వాళ్ల విమానాలే ఎక్కేవాడు, వాడు జారిపోకుండా చూసుకోవాలి.

ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్‌లో (పాత పేరు ఫ్లయింగ్ రిటర్న్స్) గోల్డ్ వస్తే స్టార్ అలయన్స్ గోల్డ్ కూడా వచ్చినట్టే. ఎయిర్ ఇండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. 2024 నవంబర్‌లో విస్తారా కూడా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఆ గోల్డ్ కార్డుతో మీరు ఎయిర్ ఇండియా ఒక్కటే కాదు, లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, థాయ్, టర్కిష్ ఏది ఎక్కినా లాంజ్ వస్తుంది, వెంట ఒక గెస్ట్ వస్తారు. షరతు ఒకటే, ఆ గెస్ట్ కూడా స్టార్ అలయన్స్ విమానమే ఎక్కుతుండాలి. మీరు లుఫ్తాన్సాలో, మీ బావమరిది అదే టైముకి ఎమిరేట్స్‌లో అంటే ఆయన బయటే.

స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్... వీటిలో గెస్ట్ విషయంలో ఏది మేలు?

పైపైన చూస్తే మూడూ ఒకటే, పై స్థాయి మెంబర్‌కి ఒక గెస్ట్. స్టార్ అలయన్స్‌లో గోల్డ్, వన్‌వరల్డ్‌లో సఫైర్, ఎమరాల్డ్, స్కైటీమ్‌లో ఎలీట్ ప్లస్. మూడింట్లోనూ గెస్ట్ అదే అలయన్స్ విమానం ఎక్కుతుండాలి. స్కైటీమ్‌లో ఇంటర్నేషనల్ ప్రయాణం అన్న మెలిక ఉంది.

తేడా ఎక్కడంటే వన్‌వరల్డ్‌లో ఎమరాల్డ్ అయితే ఫస్ట్ క్లాస్ లాంజ్‌లు కూడా తెరుచుకుంటాయి. స్టార్ గోల్డ్‌కి పైన ఇంకో మెట్టు లేదు. మనవైపు నుంచి హైదరాబాద్ మీదుగా వెళ్లేవాళ్లకి ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, మలేసియా ఎయిర్‌లైన్స్ వన్‌వరల్డ్ కిందకొస్తాయి, ఎయిర్ ఇండియా, సింగపూర్, థాయ్, లుఫ్తాన్సా స్టార్ కిందకి. ఎమిరేట్స్ ఏ అలయన్స్‌లోనూ లేదు, దానికి సొంత మెంబర్‌షిప్ స్కైవార్డ్స్ ఒక్కటే. గల్ఫ్‌కి తిరిగే మనవాళ్లు ఎక్కువమంది ఎప్పుడు ఏది చవగ్గా దొరికితే అది ఎక్కుతారు, అలాంటివాళ్లకి ఏ అలయన్స్‌లోనూ గోల్డ్ రాదు. వాళ్లకి ఈ ప్రశ్నతో పని లేదు, నేరుగా కార్డుల దగ్గరకి వెళ్లిపోవచ్చు.

వైజాగ్ నుంచి స్కూట్‌లో సింగపూర్ వెళ్తున్నాను. స్కూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్‌దే కదా, నా స్టార్ గోల్డ్ పనిచేస్తుందా?

చేయదు. స్కూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్ గ్రూపుదే గానీ స్టార్ అలయన్స్ మెంబర్ కాదు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సంగతీ అంతే, ఎయిర్ ఇండియా తమ్ముడే అయినా అలయన్స్‌లో లేదు. ఇండిగో, ఎయిర్ ఏషియా కూడా మూడు అలయన్స్‌లలో దేనిలోనూ లేవు. వైజాగ్‌లో మనకి దొరికే విమానాల్లో ఎక్కువ ఇవే కాబట్టి, ఇక్కడ స్టేటస్ కన్నా జేబులో కార్డే ఎక్కువ అక్కరకొస్తుంది. అలయన్స్ గోల్డ్ గొప్పదనం మీకు ఢిల్లీ, హైదరాబాద్ దాటాకే కనిపిస్తుంది.

టికెట్ మీద ఖతార్ నంబర్ ఉంది, విమానం మాత్రం ఇండిగోది. ఇప్పుడేంటి?

దీన్నే కోడ్‌షేర్ అంటారు. అమ్మేది ఒకరు, నడిపేది ఇంకొకరు. వన్‌వరల్డ్ హక్కు కావాలంటే విమానం నడిపేది కూడా వన్‌వరల్డ్ కంపెనీయే అవ్వాలి. ఇండిగో నడిపే విమానానికి ఖతార్ నంబర్ ఉన్నా సఫైర్ కార్డు గెస్ట్ సంగతి మర్చిపోండి. టికెట్ మీద "ఆపరేటెడ్ బై" అన్న చిన్న అక్షరాల లైను చదవండి. మనవాళ్లు రేటు చూస్తారు, లగేజీ కిలోలు చూస్తారు, ఈ లైను ఒక్కటే చూడరు.

బిజినెస్ టికెట్ ఉన్నా లాంజ్ లేదన్నారు. అలా కూడా ఉంటుందా?

ఉంటుంది. ఎమిరేట్స్ 2019లో బిజినెస్ క్లాస్‌లో "స్పెషల్" అని చవక రకం తెచ్చింది, దాంట్లో లాంజ్ తీసేసింది. 2020లో ఖతార్ కూడా బిజినెస్ "లైట్" అని అలాంటిదే తెచ్చింది. సీటు అదే, తిండి అదే, లాంజ్ లేదు. ట్రావెల్ ఏజెంట్ "సార్, బిజినెస్ ఇంత తక్కువకి ఎక్కడా దొరకదు" అన్నప్పుడు టికెట్ రకం పేరేంటో అడగండి. శ్రీకాకుళంలో ఏజెంట్ దగ్గర డబ్బు కట్టే ముందే అడగాలి, దోహాలో రిసెప్షన్ ముందు నిలబడి ఫోన్ చేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

పెద్ద ఎయిర్‌లైన్స్ సొంత లాంజ్‌ల్లో ఏది బాగుంటుంది? అక్కడ గెస్ట్‌తో వెళ్తే ఎక్కడికి పంపిస్తారు?

ఇక్కడ కొంచెం నిదానంగా చదవాలి, ఎందుకంటే పేర్లు మోసం చేస్తాయి.

సింగపూర్ చాంగీ టెర్మినల్ 3లో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి సిల్వర్‌క్రిస్ లాంజ్ ఉంది, క్రిస్‌ఫ్లయర్ గోల్డ్ లాంజ్ అని ఇంకోటి ఉంది. సిల్వర్ కన్నా గోల్డ్ పెద్దది కదా అనుకుంటాం. కాదు. సిల్వర్‌క్రిస్ బిజినెస్, ఫస్ట్ వాళ్లది, అదే మెరుగు. ఎకానమీ టికెట్‌తో వచ్చిన స్టార్ గోల్డ్‌ని, ఆయన గెస్ట్‌ని క్రిస్‌ఫ్లయర్ గోల్డ్‌కి పంపిస్తారు.

దోహాలో ఖతార్ వాళ్ల అల్ ముర్జాన్ లాంజ్ గురించి అందరూ వినే ఉంటారు. అది బిజినెస్ టికెట్ వాళ్లకి. ఎకానమీలో వెళ్లే వన్‌వరల్డ్ సఫైర్, ఎమరాల్డ్ మెంబర్లకి విడిగా లాంజ్‌లు పెట్టారు. గెస్ట్ ఉచితమే గానీ ఫోటోల్లో చూసిన ఆ పెద్ద హాలు కాదు. ఇస్తాంబుల్‌లో టర్కిష్ వాళ్లదీ ఇదే పద్ధతి, బిజినెస్ లాంజ్ వేరు, స్టేటస్ ఉన్న ఎకానమీ వాళ్లకి మైల్స్ అండ్ స్మైల్స్ లాంజ్ వేరు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో కథ తిరగబడుతుంది. లుఫ్తాన్సాకి అక్కడ బిజినెస్ లాంజ్, సెనేటర్ లాంజ్ రెండున్నాయి, సెనేటర్‌ది పై మెట్టు. స్టేటస్ లేకుండా బిజినెస్ టికెట్ కొన్నవాళ్లు బిజినెస్ లాంజ్‌కి వెళ్తారు. ఎకానమీ టికెట్‌తో ఉన్న స్టార్ గోల్డ్ సెనేటర్ లాంజ్‌కి వెళ్తాడు, అదీ గెస్ట్‌తో! నన్నడిగితే స్టార్ గోల్డ్‌కి అసలు విలువ ఇచ్చేది జర్మనీ వాళ్లే.

దుబాయ్‌లో ఎమిరేట్స్ లాంజ్‌లు విశాలం, కొన్నిట్లోంచి నేరుగా విమానంలోకి వెళ్లిపోవచ్చు. హక్కు లేనివాళ్లకి డబ్బుకి కూడా ఇస్తారు గానీ ఆ డబ్బుతో కుటుంబం మొత్తం బయట కడుపునిండా తినొచ్చు.

నాకు ఏ గోల్డూ లేదు, బ్యాంకు కార్డు ఉంది. గెస్ట్‌ని ఊరికే తీసుకెళ్లొచ్చా?

ఇండియాలో మామూలు కార్డులకి గెస్ట్ ఉచితం దాదాపు లేదు. కార్డు ఒక్కటి, మనిషి ఒక్కరు. కౌంటర్‌లో కార్డు, బోర్డింగ్ పాస్ ఇస్తే స్వైప్ చేస్తారు, సరిచూడ్డానికి 2 రూపాయలు కోసుకుంటుంది, లోపలికి పంపిస్తారు. కార్డు మీద పేరు, బోర్డింగ్ పాస్ మీద పేరు ఒకటే ఉండాలి. నాన్న కార్డు పట్టుకుని కొడుకు వెళ్తే ఆపేస్తారు, ఆపడం వాళ్ల తప్పు కాదు.

ఇప్పుడు దానికి తోడు ఖర్చు షరతు వచ్చిపడింది. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియాకి 2023 డిసెంబర్ నుంచి మూడు నెలల్లో లక్ష రూపాయలు ఖర్చు పెడితేనే లాంజ్ వోచర్ అన్నారు. ఐసీఐసీఐ చాలా కార్డులకి 2024 ఏప్రిల్‌లో 35 వేలు అని మొదలుపెట్టి, నవంబర్‌కల్లా 75 వేలు చేసింది, అదీ ముందు మూడు నెలల్లో పెట్టుండాలి. అంటే దసరాకి లాంజ్ కావాలంటే జులై, ఆగస్టు, సెప్టెంబర్ బిల్లులు చూసుకోవాలి. లాంజ్‌లో పెట్టే ఉప్మా కోసం అవసరం లేని వస్తువులు కొనకండి, దయచేసి.

మా ఫోన్ యాప్‌లో క్యూఆర్ కోడ్ వచ్చేది, ఈ మధ్య పనిచేయట్లేదు. కార్డు పోయిందా?

కార్డు పోలేదు, మధ్యవర్తి మారి ఉంటాడు. బ్యాంకుకి, లాంజ్‌కి మధ్య ఒక కంపెనీ ఉంటుంది. ఇండియాలో చాలాకాలం ఆ పని ఎక్కువగా డ్రీమ్‌ఫోక్స్ చేసేది. 2025 సెప్టెంబర్‌లో అది దేశంలోపలి లాంజ్ సేవలు ఆపేసింది. బ్యాంకులు వేరే దారులు చూసుకున్నాయి. కాబట్టి పాత స్క్రీన్‌షాట్‌లు నమ్ముకోకుండా బ్యాంకు యాప్‌లో ఇప్పుడు ఏం రాసుందో చూడండి, అసలు కార్డు కూడా వెంట ఉంచుకోండి.

ప్రయారిటీ పాస్ ఇచ్చారు. హైదరాబాద్‌లో వాడితే బిల్లు వచ్చింది. మోసమా?

మోసం కాదు, షరతు. మన బ్యాంకులు ఇచ్చే ప్రయారిటీ పాస్ చాలావరకు దేశం బయట వాడుకోవడానికి. ఇండియాలో లాంజ్ కావాలంటే ఆ పాస్ కాదు, క్రెడిట్ కార్డే ఇవ్వాలి. ఇంటర్నేషనల్ టెర్మినల్‌లో ఉన్నాం కదా, ఇమిగ్రేషన్ కూడా దాటాం కదా అనుకుంటారు. శంషాబాద్ ఇంటర్నేషనల్ లాంజ్ అయినా ఉన్నది ఇండియాలోనే.

ఇంకోటి, ప్రయారిటీ పాస్ కౌంటర్‌లో "గెస్ట్ ఓకే, రండి" అని నవ్వుతూ పంపిస్తారు. అక్కడ డబ్బులు అడగరు. ఉచితం అనుకుని మనం మరదల్ని కూడా పిలుస్తాం. డబ్బులు తర్వాత కార్డు బిల్లులో వస్తాయి. రెగాలియా లాంటి కార్డుల షరతుల్లో గెస్ట్‌కి 27 డాలర్లు, పైన జీఎస్టీ అని ఉంటుంది.

ఇద్దరు పిల్లలతో కలిపి మేం నలుగురం. ప్రయారిటీ పాస్ ఒక్కటే. లెక్క చెప్పండి.

మీరొక్కరు ఉచితం, ముగ్గురు గెస్టులు. మూడు ఇరవై ఏడులు 81 డాలర్లు. 18 శాతం జీఎస్టీ కలిపితే 95 డాలర్లు దాటుతుంది. డాలర్ 85 రూపాయలని తక్కువలో తక్కువ వేసుకున్నా 8 వేల పైమాటే, విదేశీ మారకం ఛార్జీలు వేరే. పిల్లలు తినేది రెండు కేకు ముక్కలు, ఒక జ్యూసు. అదే డబ్బు పెడితే విజయనగరం నుంచి వైజాగ్‌కి కారు మాట్లాడుకుని వెళ్లి, ఇంకా బోలెడు మిగుల్చుకోవచ్చు. రాత్రంతా ఆగాల్సి వచ్చి, పెద్దవాళ్లు ఉంటే అది వేరే మాట.

మరి తక్కువ ఖర్చులో భార్యాభర్తలిద్దరూ వెళ్లే దారి లేదా?

ఉంది, యాడ్-ఆన్ కార్డు. మీ క్రెడిట్ కార్డు మీద ఇంట్లోవాళ్ల పేరున ఇంకో కార్డు తీసుకోవడం. కొన్ని కార్డుల్లో యాడ్-ఆన్ వాళ్లకి కూడా సొంతంగా లాంజ్ హక్కు ఇస్తారు. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా దీనికి పెద్ద ఉదాహరణ, యాడ్-ఆన్ వాళ్లకీ లెక్కలేనన్ని సార్లు ఇస్తారు. కొన్నిట్లో మాత్రం ఇద్దరూ కలిసి ఒకే కోటా వాడుకోవాలి, కొన్నిట్లో యాడ్-ఆన్‌కి ఏమీ ఉండదు. మామూలుగా పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే ఇస్తారు కాబట్టి చిన్నపిల్లలకి ఈ దారి లేదు. ఇంకా తేలిక దారి, ఆవిడ జీతం పడే బ్యాంకులో డెబిట్ కార్డుకే లాంజ్ ఉందేమో చూడండి. చాలామంది తమ డెబిట్ కార్డు మీద ఏముందో చదవకుండానే పదేళ్లు వాడేస్తారు.

పిల్లలకి ఎంత వయసు దాకా ఉచితం?

ఎక్కువ చోట్ల రెండేళ్ల లోపు, ఒళ్లో ఉండే పిల్లలని లెక్కలోకి తీసుకోరు. రెండు దాటితే గెస్టే. కొన్ని లాంజ్‌ల్లో పన్నెండేళ్ల లోపు వాళ్లకి రేటు తగ్గిస్తారు గానీ అది కౌంటర్‌లో డబ్బు కట్టేవాళ్లకి, అలయన్స్ గోల్డ్ లెక్కలో అయిదేళ్ల పిల్లయినా ఒక గెస్టే. అంటే గోల్డ్ ఉన్న నాన్న భార్యని తీసుకెళ్తే పిల్ల మిగిలిపోతుంది. కౌంటర్‌లో మంచిగా అడిగితే కొన్నిసార్లు ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే వాదించకండి, అది వాళ్ల చేతిలో లేదు.

మా అబ్బాయికి అమెరికాలో పెద్ద కార్డులున్నాయి, యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో గోల్డ్ కూడా. మేమిద్దరం విడిగా వెళ్తున్నాం. అతని పేరు చెబితే చాలదా?

చాలదు. అతను మీ పక్కన నిలబడి, బోర్డింగ్ పాస్ చూపిస్తేనే మీరు గెస్ట్. అతను డల్లాస్‌లో ఇంట్లో ఉండి మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో అతని నంబర్ చెబితే ఎవరూ రానివ్వరు. కలిసి వెళ్తున్నా స్టేటస్ మీద వచ్చేది ఒక్క గెస్టే, అమ్మా నాన్న ఇద్దరూ అంటే రెండోవాళ్లకి ఇంకో దారి చూసుకోవాలి.

అబ్బాయి దగ్గర ఏ కార్డు ఉందో అడగండి, అమెరికా కార్డుల్లో తేడా చాలా ఉంది. చేజ్ సఫైర్ రిజర్వ్‌లో ప్రయారిటీ పాస్‌తో ఇద్దరు గెస్టులు ఉచితంగా వస్తారు, అమ్మానాన్నలతో తిరిగేవాడికి ఇది బంగారం. అమెక్స్ ప్లాటినం వాళ్ల సెంచూరియన్ లాంజ్‌లో 2023 ఫిబ్రవరి నుంచి పద్దెనిమిదేళ్లు నిండిన గెస్టులకి మనిషికి 50 డాలర్లు, ఏడాదికి 75 వేల డాలర్లు ఖర్చు పెట్టేవాళ్లకి మాత్రం ఆ బాధ లేదు. క్యాపిటల్ వన్ వెంచర్ ఎక్స్‌లో గెస్టులు ఉచితంగా ఉండేది, 2026 ఫిబ్రవరి నుంచి దాన్నీ ఆపేశారు. అక్కడ జనం పెరిగిపోయి లాంజ్ బయట క్యూలు కట్టడంతో చాలా కంపెనీలు మొదట కోత పెట్టింది గెస్టుల మీదే.

అమెరికా లోపల తిరిగేటప్పుడు?

అక్కడ ఒక తమాషా ఉంది. యునైటెడ్ కూడా స్టార్ అలయన్స్‌లోదే గానీ, వాళ్ల సొంత గోల్డ్ మెంబర్‌కి దేశంలోపలి ప్రయాణానికి వాళ్ల లాంజ్ యునైటెడ్ క్లబ్‌లోకి ఉచితం లేదు, ఇంటర్నేషనల్ ప్రయాణంలోనే. అదే ఎయిర్ ఇండియా గోల్డ్ ఉన్నవాళ్లు చికాగో నుంచి డల్లాస్ యునైటెడ్‌లో వెళ్తూ క్లబ్‌లోకి వెళ్లొచ్చు, గెస్ట్‌తో సహా. వేరే కంపెనీ స్టార్ గోల్డ్‌కి ఆ అడ్డు లేదు. అంటే అబ్బాయి కార్డు మీద నాన్న వెళ్లడం కాదు, నాన్నకి మహారాజా క్లబ్ గోల్డ్ ఉంటే ఆయనే అబ్బాయిని తీసుకెళ్తాడు! అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్మిరల్స్ క్లబ్‌లో డబ్బు కట్టి సభ్యత్వం తీసుకున్నవాళ్లకి భార్య, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు, లేదా ఇద్దరు గెస్టులు. కుటుంబంతో తిరిగేవాళ్లకి ఉన్నవాటిలో ఇది ఉదారమైన రూలు. డెల్టా స్కై క్లబ్‌లో మాత్రం బయల్దేరే టైముకి మూడు గంటలు ఉందనగానే రానిస్తారు, అంతకన్నా ముందు కాదు, బేసిక్ ఎకానమీ అనే చవక రకం టికెట్ అయితే అసలు రానివ్వరు.

పంపించడానికి సోంపేట నుంచి పదిమందిమి వస్తున్నాం. డబ్బులు కడితే మాలో ఒకరిద్దరు లాంజ్ దాకా రావొచ్చా?

రాలేరు. గెస్ట్ అంటే మీతో పాటు ఆ రోజు విమానం ఎక్కే మనిషి, చూడ్డానికి వచ్చినవాళ్లు కాదు. మన ఎయిర్‌పోర్టుల్లో టికెట్ లేనివాళ్లని సెక్యూరిటీ చెక్ దాటనివ్వరు, లాంజ్‌లు దాదాపు అన్నీ దాని అవతలే. కన్నీళ్లు, జాగ్రత్తలు, జీడిపప్పు ప్యాకెట్లు అన్నీ గుమ్మం బయటే ముగించుకోవాలి.

దిగాక వెళ్లొచ్చా? రైలు రాత్రికి ఉంది.

కుదరదు. ఇండియాలో కార్డు లాంజ్‌లు దాదాపు అన్నీ బయల్దేరేవాళ్లకే, బోర్డింగ్ పాస్ ఆ పూటది అయ్యుండాలి. ఢిల్లీ నుంచి వైజాగ్‌లో దిగి శ్రీకాకుళం రోడ్ రైలు కోసం ఎదురుచూసేవాళ్లు స్టేషన్ వెయిటింగ్ హాలే చూసుకోవాలి.

ఎంతసేపు ఉండనిస్తారు?

మన దగ్గర కార్డు మీద మామూలుగా రెండు గంటలు, విదేశాల్లో ప్రయారిటీ పాస్ మీద చాలాచోట్ల మూడు. లోపల విమానం పిలుపులు వినిపించవు, చాలా లాంజ్‌లు చెప్పవు కూడా. అలారం పెట్టుకోండి.

అమ్మకి వీల్‌చైర్ రాయించాం. లాంజ్‌లో కూర్చోబెడతారా?

వీల్‌చైర్ ఎయిర్‌లైన్ ఉచితంగా ఇచ్చే సహాయం, దానికీ లాంజ్‌కీ సంబంధం లేదు. లాంజ్ హక్కు ఉన్నా సరే, భాష రాని పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే నేనైతే లాంజ్ వద్దనే అంటాను. వీల్‌చైర్ తోసే అబ్బాయి మనిషిని ఒకచోట కూర్చోబెట్టి, టైముకి అక్కడికే వచ్చి తీసుకెళ్తాడు. ఈవిడ లాంజ్‌లో సోఫాలో ఉండి, అతను గేటు దగ్గర వెతుకుతుంటే టెన్షన్ మనకి ఇక్కడ. చేతిలో పులిహోర డబ్బా పెట్టి పంపించండి, అదే నయం. పచ్చడి నీళ్లగా ఉంటే చేతి సంచిలో వద్దు, సెక్యూరిటీలో తీసేస్తారు.

భోగాపురం ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కితే ఈ రూల్స్ మారతాయా?

రూల్ మారదు, లిస్టు మారుతుంది. ఇప్పటిదాకా మనం వాడుతున్న వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా స్థావరం, భోగాపురం జీఎంఆర్ వాళ్లు కొత్తగా కట్టింది, శంషాబాద్ కూడా వాళ్లదే. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి దూరం బాగా తగ్గుతుంది, కారు ఖర్చు కలిసొస్తుంది. గెస్ట్ హక్కు మాత్రం మీ టికెట్, మీ స్టేటస్, మీ కార్డుతోనే ఉంటుంది. కార్డు యాప్‌లో లాంజ్‌ల లిస్టు తెరిచి, "విశాఖపట్నం" అని ఉన్నా అది ఏ ఎయిర్‌పోర్టులోనిదో చిరునామా చదవండి.

కౌంటర్‌లో గెస్ట్‌ని కాదన్నారు, నాకు రూల్ తెలుసు. ఏం చేయాలి?

ముందు మీరు ఏ దారిలో వచ్చారో వాళ్లకి సరిగ్గా చెప్పారా చూసుకోండి. గోల్డ్ ఉన్నా అలవాటుగా క్రెడిట్ కార్డు చాపితే వాళ్లు కార్డు రూలే చెప్తారు. "స్టార్ గోల్డ్ మీద, ఒక గెస్ట్‌తో" అని అడగండి, గెస్ట్ బోర్డింగ్ పాస్ కూడా ఇవ్వండి. మెంబర్ నంబర్ టికెట్‌లో ఎక్కలేదంటే చెక్-ఇన్ కౌంటర్‌లోనే ఎక్కించుకోవాలి, బోర్డింగ్ పాస్ మీద గోల్డ్ అని అచ్చు పడుతుంది, అది ఉంటే సగం వాదన తగ్గుతుంది. అయినా వద్దంటే లాంజ్ నిండిందేమో, నిండితే ఎవరినైనా ఆపే హక్కు వాళ్లకుంది. రాసి ఇమ్మని అడిగి, ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టండి, టైము, లాంజ్ పేరు, ఫ్లైట్ నంబర్ రాయండి.